పిట్టకా, టార్గెట్‌కా? ఎయిర్ రైఫిల్ కొనే ముందు ఒక్కసారి ఇది చదవండి

జాతరకి వెళ్లినా, నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్లినా, విశాఖ బీచ్‌కి వెళ్లినా ఒక బెలూన్ల స్టాల్ కనిపిస్తుంది. బోర్డు నిండా రంగురంగుల బెలూన్లు, ముందు ఒక బల్ల, దాని మీద గీతలు పడిన ఎయిర్ గన్. మనలో చాలామంది మొదటిసారి తుపాకీ పట్టుకున్నది అక్కడే. నాలుగు బెలూన్లు పగలగానే పక్కనున్న ఫ్రెండ్ ‘నువ్వు షూటర్‌వి రా’ అనేస్తాడు. ఆ రాత్రి ఫోన్‌లో ‘బెస్ట్ ఎయిర్ రైఫిల్’ అని వెతకడం మొదలవుతుంది.

అలా వెతికితే రెండు రకాల వీడియోలు వస్తాయి. ఒకదాంట్లో బిగుతు జాకెట్ వేసుకుని, బొమ్మలా కదలకుండా నిలబడి కాగితానికి గురిపెట్టేవాళ్లు. రెండోదాంట్లో ఆకుపచ్చ మచ్చల బట్టలేసుకుని పొలం గట్టు మీద పడుకుని కుందేలుకి గురిపెట్టేవాళ్లు. ఇద్దరి చేతిలోదీ ఎయిర్ రైఫిలే. ఇద్దరూ ‘ఇదే బెస్ట్’ అంటారు. చూసేవాడికి బుర్ర తిరుగుతుంది.

నేను హైదరాబాద్‌లో మూడేళ్లుగా ఆదివారాలు 10 మీటర్ల రైఫిల్ ప్రాక్టీస్ చేస్తున్నా. అందుకని ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంటుంది. ఈమధ్య జనగామ వైపు ఊళ్లో ఉండే మా బావమరిది అడిగాడు.

‘బావా, గన్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా. చేన్ల కోతులు, పందులు... మక్క మిగలట్లేదు. ఖాళీగా ఉన్నప్పుడు కౌజులు కొట్టొచ్చు. టార్గెట్ కూడా నేర్చుకుంటా. అన్నిటికీ పనికొచ్చేది ఒకటి చెప్పు.’

వాడికి చెప్పిన జవాబే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నా. అన్నిటికీ పనికొచ్చే ఎయిర్ రైఫిల్ ఉండదు. ఎందుకో తెలిస్తే, మీ డబ్బులే కాదు, ఇంకా పెద్దవి కొన్ని మిగులుతాయి.

బొమ్మ తుపాకీ కాదు

ముందు ఒక అపోహ. ‘గాలితోనే కదా, ఏమవుతుంది?’ అనుకుంటారు. 1780ల్లో ఆస్ట్రియా సైన్యం జిరాండోని అనే ఎయిర్ రైఫిల్ వాడింది. మందుగుండు లేదు, పొగ లేదు. వెనకున్న తిత్తిలో చేత్తో పంపు కొట్టి గాలి నింపుకోవాలి. దాన్ని నింపడానికి వెయ్యికి పైగా పంపులు పట్టేవి. అప్పటి మామూలు తుపాకులు ఒక్కో గుండుకీ మళ్లీ మందు దట్టించుకోవాల్సి వస్తే, ఇది ఇరవై గుండ్లు వరసగా పేల్చేది. 1804లో అమెరికా పడమటి ప్రాంతాల్ని చూడ్డానికి బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం కూడా ఒక ఎయిర్ రైఫిల్ వెంట తీసుకెళ్లింది. దారిలో కలిసిన తెగలకి దాన్ని పేల్చి చూపించేవాళ్లు.

అంటే గాలి తుపాకీ పుట్టింది పిల్లల ఆటకి కాదు. ఇవాళ మార్కెట్లో దొరికే మామూలు ఎయిర్ గన్ కూడా కన్ను పోగొట్టగలదు. దగ్గర్నుంచి తగిలితే ప్రాణమే తీయగలదు. ఇది గుర్తుపెట్టుకుని ముందుకెళ్దాం.

లోపల ఏం జరుగుతుంది?

మనకి దొరికేవాటిలో ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది స్ప్రింగ్ గన్. గొట్టాన్ని మధ్యకి విరిచి, కిందికి లాగితే లోపల ఒక బలమైన స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ స్ప్రింగ్ ఒక పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. బెలూన్ల స్టాల్లో ఉండేది ఇదే. ధర తక్కువ, సిలిండర్ గొడవ లేదు. ఇబ్బంది ఏంటంటే, పెల్లెట్ గొట్టం దాటకముందే లోపల ఆ బరువైన పిస్టన్ పరిగెత్తి ఆగుతుంది. దాంతో గన్ ఒకసారి వెనక్కి, వెంటనే ముందుకి కుదుపుతుంది. మీరు పట్టుకునే తీరు కాస్త మారినా పెల్లెట్ వేరే చోట పడుతుంది. అందుకే దీన్ని గట్టిగా బిగించి పట్టుకోకూడదు, అరచేతి మీద వదులుగా ఆనించాలి.

రెండోది పీసీపీ. సిలిండర్‌లో ముందే గాలి నింపి పెట్టుకుంటాం, మ్యాచ్ రైఫిల్లో సుమారు 200 బార్ వరకు. అంటే కారు టైరులో ఉండే గాలికి దాదాపు వంద రెట్ల ఒత్తిడి. ట్రిగ్గర్ నొక్కితే ఒక వాల్వ్ రెప్పపాటు తెరుచుకుని కొలిచినంత గాలి వదులుతుంది. కుదుపు దాదాపు ఉండదు. ధర ఎక్కువ. గాలి నింపడానికి స్కూబా సిలిండరో, ప్రత్యేకమైన పంపో కావాలి.

ఒలింపిక్స్‌లో ఇప్పుడు వాడేవన్నీ గాలి ముందే నింపుకునే రకాలే. ఖరీదైన వేట రైఫిళ్లు కూడా పీసీపీలే. కానీ ఆ రెండింటికీ పోలిక అక్కడితో ఆగిపోతుంది.

వేట రైఫిల్ లెక్క వేరు

ఎయిర్ రైఫిల్‌తో వేట చట్టబద్ధంగా బాగా నడిచే దేశాల్లో బ్రిటన్ ఒకటి. అక్కడ పంటలు తినే కుందేళ్లు, అడవి పావురాలు, కొట్టాల్లో ఎలుకలు... వీటిని రైతు అనుమతితో, నిబంధనల ప్రకారం కొడతారు. ఇంగ్లండ్‌లో సర్టిఫికెట్ లేకుండా ఉంచుకోగలిగే ఎయిర్ రైఫిల్‌కి శక్తి పరిమితి సుమారు 16 జౌల్స్. ఆ పరిమితి లోపల అక్కడి వేటగాళ్లు దశాబ్దాలుగా వాదించుకునే విషయం ఒకటుంది: .177 మంచిదా, .22 మంచిదా?

.177 అంటే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్. .22 అంటే 5.5 మిల్లీమీటర్లు. బరువులో తేడా పెద్దది. చిన్నది సుమారు అర గ్రాము, పెద్దది దాదాపు గ్రాము. ఒకే 16 జౌల్స్ శక్తితో తోస్తే చిన్న పెల్లెట్ సెకనుకి సుమారు 250 మీటర్ల వేగంతో, పెద్దది సుమారు 185 మీటర్ల వేగంతో వెళ్తుంది. 30 మీటర్ల దూరం చేరేలోపు, గాలి అడ్డుని లెక్కలోకి తీసుకోకపోయినా, చిన్నది 7 సెంటీమీటర్లు కిందికి జారితే పెద్దది 13 సెంటీమీటర్లు జారుతుంది. కాబట్టి దూరం అంచనాలో పొరపాటు జరిగినా .177 కొంత కాపాడుతుంది. తగిలినచోట దెబ్బ గట్టిగా ఉండాలంటే .22 మేలు. అదీ వాళ్ల వాదన.

ఈ వాదన వెనకున్న అసలు సంగతి వేరే. ఎయిర్ రైఫిల్‌కి బలం తక్కువ. కుందేలు వెంటనే చావాలంటే తలలో రూపాయి బిళ్లంత చోటే తగలాలి. కొంచెం పక్కకి పోతే అది చావదు, గాయంతో పొదలోకి పోయి గంటలకొద్దీ బాధపడుతుంది. అందుకే అక్కడి మంచి వేటగాళ్లు 30, 35 మీటర్లు దాటితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టరు.

వేట రైఫిల్ తయారీ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. మోసుకుని నడవాలి కాబట్టి తేలిగ్గా ఉండాలి. శబ్దం రాకూడదు. దూరం చూడ్డానికి స్కోప్ కావాలి. చలిలో వణికే వేలు తగిలి పేలకూడదు కాబట్టి ట్రిగ్గర్ కాస్త గట్టిగా ఉండాలి.

టార్గెట్ రైఫిల్: బలం సగం కూడా లేదు

ఇప్పుడు ఒలింపిక్ 10 మీటర్ల రైఫిల్ చూడండి. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లే. వేగం సెకనుకి సుమారు 170 మీటర్లు. శక్తి లెక్కేస్తే ఏడున్నర జౌల్స్. మన షాపుల్లో దొరికే కొన్ని స్ప్రింగ్ గన్‌లు దీనికి రెండింతల పైనే. ఈ మాట చెబితే కొత్తవాళ్లు నమ్మరు. లక్షలు పోసి కొనే వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి జర్మన్ రైఫిల్‌కి బలం తక్కువా?

తక్కువే. 10 మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పడితే చాలు కదా. డబ్బులు పోసేది బలానికి కాదు, ఒకే పనిని ప్రతిసారీ తేడా లేకుండా చేయడానికి. టార్గెట్ మధ్యలో 10 పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెన్నుతో పెట్టిన చుక్కంత. మంచి మ్యాచ్ రైఫిల్‌ని బిగించి ఐదు పెల్లెట్లు కొడితే ఐదూ కలిపి ఒకటే చిల్లులా కనిపిస్తాయి.

దీనికి స్కోప్ ఉండదు. కంటి దగ్గర ఒక చిన్న రంధ్రం, గొట్టం చివర ఒక రింగు, ఆ రింగులో నల్లటి టార్గెట్. ట్రిగ్గర్ వంద గ్రాముల ఒత్తిడికే కదిలేంత సున్నితంగా పెట్టుకోవచ్చు. బరువు ఐదున్నర కిలోల దాకా ఉండొచ్చు. చెంప ఆనే చోటు, భుజం ఆనే చోటు అన్నీ మన ఒంటికి తగ్గట్టు జరుపుకోవచ్చు. దీన్ని మోసుకుని పొలంలో తిరగడం అయ్యే పని కాదు.

ఆట సంగతి చెప్పాలంటే, నిలబడి 60 షాట్లు. దశాంశాల లెక్కలో ఒక్కో షాట్‌కి గరిష్ఠంగా 10.9, మొత్తం 654. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023లో రుద్రాంక్ష్ పాటిల్, ఐశ్వరి తోమర్, దివ్యాంశ్ పన్వర్ కలిసి 1893.7 కొట్టి ప్రపంచ రికార్డుతో స్వర్ణం తెచ్చారు. ముగ్గురివీ కలిపి 180 షాట్లు. సగటు 10.5. అంటే సగటున కేంద్రం నుంచి మిల్లీమీటరున్నర కూడా పక్కకి పోలేదు!

2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది ఈ ఆటలోనే. ఆఖరి షాట్ 10.8. 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు. వినికిడి లోపం ఉన్న హైదరాబాదీ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఇదే ఈవెంట్‌లో స్వర్ణం గెలిచాడు. వీళ్లెవరి చేతిలోనూ ‘పవర్‌ఫుల్’ గన్ లేదు.

డబ్బా మీద నంబర్ చూసి పడిపోకండి

ఆన్‌లైన్‌లో ఎయిర్ గన్ ఫొటో కింద పెద్ద అక్షరాల్లో ‘1000 ఎఫ్‌పీఎస్’ అని ఉంటుంది. సెకనుకి వెయ్యి అడుగులు, అంటే 305 మీటర్లు. కుర్రాళ్లు మొదట చూసేది ఆ నంబరే. దాని వెనక రెండు సంగతులున్నాయి.

ఒకటి, ఆ వేగం తరచూ మామూలు సీసం పెల్లెట్‌తో వచ్చింది కాదు, బాగా తేలికైన పెల్లెట్‌తో కొలిచింది. మామూలు అర గ్రాము పెల్లెట్ వేస్తే తగ్గుతుంది. నిజంగా మామూలు పెల్లెట్‌తోనే 305 వస్తే శక్తి 24 జౌల్స్ దాకా పోతుంది. అప్పుడు చట్టంతో పేచీ. అది కింద చెప్తా.

రెండు, వేగం పెరిగినంత మాత్రాన గురి పెరగదు. నడుం సన్నగా, వెనక గుల్లగా ఉండే ఈ పెల్లెట్లు ధ్వని వేగానికి దగ్గరగా పోతే గాల్లో నిలకడ తప్పుతాయి. పైగా స్ప్రింగ్ ఎంత బలమైనదైతే కుదుపు అంత ఎక్కువ. నేర్చుకునేవాడికి అది శత్రువు.

ఒక్క చూపులో చెప్పాలంటే:

- శక్తి: వేటకి 16 జౌల్స్, ఆ పైన. టార్గెట్‌కి ఏడున్నర చాలు.
- దూరం: వేటకి 20 నుంచి 35 మీటర్లు. టార్గెట్‌కి కచ్చితంగా 10.
- సైట్: వేటకి స్కోప్. టార్గెట్‌కి రంధ్రం, రింగు.
- ట్రిగ్గర్: వేటకి గట్టిగా. టార్గెట్‌కి ఈకంత తేలిగ్గా.
- బరువు: వేటకి తక్కువ. టార్గెట్‌కి ఎక్కువ ఉంటేనే నిలకడ.

ఇక మన చట్టం ఏమంటుంది?

పై పోలికలో సగం మనకి అక్కర్లేదు. ఎందుకంటే మన దేశంలో అడవి జంతువుల వేట నిషేధం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. కౌజు, గువ్వ, కుందేలు, నెమలి... ఇవన్నీ దాని రక్షణలో ఉన్నవే. ‘నేను కొట్టా కానీ తగల్లేదు’ అన్నా కుదరదు. చంపడానికి ప్రయత్నించినా అది వేటే అని చట్టంలోనే రాసుంది. 2022 సవరణ తర్వాత మామూలు నేరానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నెమలి లాంటి మొదటి షెడ్యూల్ ప్రాణి అయితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా పోవచ్చు. గన్ పోతుంది, ఎక్కి వచ్చిన బండీ పోతుంది. కొట్టిన పిట్టతో రీల్ పెడితే సాక్ష్యం మనమే ఇచ్చినట్టు.

ఇక గన్ సంగతి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం .177 దాటని, 20 జౌల్స్ మించని ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. ఈ రెండింటిలో ఏది దాటినా లైసెన్స్ కావాలి. అంటే .22 ఎయిర్ రైఫిల్ ఎంత బలహీనమైనదైనా లైసెన్స్ పరిధిలోకి వచ్చినట్టే. ఎవరో స్ప్రింగ్ మార్చి ‘పవర్ పెంచి’ ఇస్తానన్నా అదే చిక్కు. కొనేటప్పుడు గుర్తింపు కార్డు, చిరునామా రుజువు అడిగే షాపులోనే కొనండి. రశీదు జాగ్రత్త చేసుకోండి.

మరి కోతులు, పందులు?

మా వాడు అక్కడే పట్టుకున్నాడు. ‘బావా, చట్టం సరే. పంట పోతే ఎవరిస్తరు?’

ఆ బాధ నిజం. ఊళ్లల్లో కోతుల వల్ల పెరటి చెట్టు మిగలట్లేదు, రేకుల కప్పు మిగలట్లేదు. రాత్రిళ్లు పందులు చేనంతా దున్నేస్తున్నాయి. కానీ ఎయిర్ గన్ దానికి మందు కాదు. పందికి చర్మం మందం, కింద కొవ్వు. పెల్లెట్ దాన్ని ఆపదు, రెచ్చగొడుతుంది. అంతే. పందుల మీద చర్యకి అటవీశాఖ ద్వారా అనుమతి పద్ధతి ఉంది, అది పంచాయతీని, అధికారుల్ని కలిసి తేల్చుకోవాల్సిన పని.

కోతికి తగిలితే పెల్లెట్ ఒంట్లోనే ఉండిపోతుంది. అది చీము పట్టి రోజులకొద్దీ నరకం చూస్తుంది. మంద మాత్రం రెండ్రోజులకి మళ్లీ వస్తుంది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960 ఒకటి ఉందని కూడా మర్చిపోవద్దు. పైగా కోతి ఎక్కడుంటుంది? పక్కింటి గోడ మీద, చెట్టు కొమ్మ మీద. పైకి కొట్టిన పెల్లెట్ కోతికి తగలకపోతే ఎక్కడ పడుతుందో చూసుకునేది ఎవరు? వెనకున్న దాబా మీద ఎవరి పిల్లలు ఆడుకుంటున్నారో? బెదిరించడానికి శబ్దం చాలు, పెల్లెట్ అక్కర్లేదు.

అరుణాచల్ ప్రదేశ్‌లో వేట తరతరాల అలవాటు. ఇంటింటా ఎయిర్ గన్ ఉండేది, పిట్టలు తగ్గిపోతూ వచ్చాయి. 2021లో అక్కడి ప్రభుత్వం ‘ఎయిర్ గన్ సరెండర్ అభియాన్’ మొదలుపెట్టింది. బలవంతం లేదు, ఇష్టమైతే తెచ్చి ఇవ్వండి అంది. రెండు వేలకి పైగా గన్‌లు తెచ్చి ఇచ్చారు జనం. వేట తెలిసిన ఊళ్లే వద్దనుకుంటుంటే, మనం రీల్స్ చూసి కొత్తగా మొదలుపెట్టడం ఏంటి?

అయితే ఏది కొనాలి?

మొదటి సలహా: వెంటనే ఏదీ కొనకండి. ముందు ఒక రేంజ్‌కి వెళ్లండి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ వైపున్న షూటింగ్ రేంజ్ ఉంది, ప్రైవేటు అకాడమీలున్నాయి. ఏపీలోనైనా, తెలంగాణలోనైనా రాష్ట్ర రైఫిల్ సంఘాన్ని అడిగితే మీ దగ్గర్లో క్లబ్ ఎక్కడుందో చెప్తారు. కొత్తవాళ్లకి అక్కడే రైఫిల్ ఇస్తారు. ఒక నెల నిలబడి కొట్టండి. భుజం, నడుం నొప్పి తట్టుకుని రెండో నెల కూడా వెళ్లారంటే ఆట మీకు పట్టినట్టే.

ఇంట్లో సరదా ప్రాక్టీస్‌కే కావాలంటే: .177 స్ప్రింగ్ గన్, తక్కువ బలం ఉన్నదే తీసుకోండి. లాగడానికి తేలిక, కుదుపు తక్కువ, గురి త్వరగా కుదురుతుంది. స్కోప్ పెట్టుకుంటే 10 మీటర్ల దగ్గర ఫోకస్ అయ్యేదే చూసుకోండి. లేదంటే టార్గెట్ మసకగా కనిపిస్తుంది.

పోటీలకి వెళ్లాలనుకుంటే: మన దేశంలోనే తయారయ్యే పీసీపీలు ఉన్నాయి, ప్రీసీహోల్ లాంటివి. మొదటి మెట్టుకి అవి చాలు. దిగుమతి రైఫిల్ గురించి మీ స్కోరు అడిగినప్పుడు ఆలోచించండి, మీ ఫ్రెండ్ అడిగినప్పుడు కాదు. కోచ్‌ని అడగకుండా లక్షలు పెట్టొద్దు.

ఏది కొన్నా ఇవి తప్పవు:

- ఖాళీగా ఉన్నా సరే, మనిషి వైపు గొట్టం తిప్పొద్దు.
- పెల్లెట్ పట్టే డబ్బా, దాని వెనక గోడ లేకుండా కొట్టొద్దు. దాబా మీద నుంచి బయటికి అసలే వద్దు.
- కళ్లకి రక్షణ అద్దాలు. చూసేవాళ్లకి కూడా.
- స్ప్రింగ్ గన్‌లో పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకోండి. జారితే వేలు పోతుంది.
- పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ గన్ పేల్చొద్దు. లోపల దెబ్బతింటుంది.
- పెల్లెట్లు సీసం. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కునే ఏదైనా తినండి.
- గన్ ఒక చోట, పెల్లెట్లు ఇంకో చోట. రెండింటికీ తాళం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మొదటి రూల్.

కాగితం మీద కొడితే ఏం మజా అని అడిగేవాళ్లకి ఒకటే చెప్తా. ఒక కాగితం టార్గెట్ తీసుకోండి. పది మీటర్లు కొలిచి పెట్టండి. నిలబడి, ఏ ఆసరా లేకుండా పది పెల్లెట్లు కొట్టండి. ఆ పదీ ఒక రూపాయి బిళ్ల కింద దాగేలా పడ్డ రోజు నాకు మెసేజ్ పెట్టండి. ఆ రోజు దాకా ఎంత పవర్ ఉన్న గన్ చేతిలో ఉన్నా మనం పిట్టలదొరలమే, చెక్క తుపాకీ భుజాన వేసుకుని కోతలు కోసుకోవడమే!